టెర్రియర్ పిల్ల కావాలా? ముందు తల్లిని వెతకండి

టెర్రియర్ పిల్లని పెంచుకోవాలనుకున్నవాళ్లు మామూలుగా చేసే మొదటి పని ఫోన్ తీసి అమ్మకం ప్రకటనలు తిరగేయడం. గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఆరు వారాల వయసులో ఏ కుక్కపిల్లయినా ముద్దుగానే ఉంటుంది. ఆ మొహం ఒకసారి చూశాక అడగాల్సిన ప్రశ్నలన్నీ గొంతులోనే ఉండిపోతాయి, అవతలివాళ్లు ఏం చెప్పినా తల ఊపేస్తాం. అందుకే ఈ పని తలకిందులుగా చేయండి: ముందు జాతి, తర్వాత బ్రీడర్ (కుక్కల్ని ఈనించి పిల్లల్ని పెంచి ఇచ్చే మనిషి), ఆ తర్వాత తల్లి కుక్క, పిల్ల అన్నిటికన్నా చివర. నిజానికి మీరు ఎంచుకోవాల్సింది తల్లిని, దాన్ని పెంచుతున్న మనిషిని. ఆ రెండూ బాగుంటే ఆ ఈతలో, అంటే ఆ కాన్పులో, మీకు ఏ పిల్ల వచ్చినా దిగులు పడక్కర్లేదు.

దీనికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా. వచ్చే ఆదివారం పుట్టినరోజుకి పిల్ల ఇంట్లో ఉండాలి అనుకుంటే మాత్రం ఈ పద్ధతి మీకు కుదరదు.

1. ఏ టెర్రియరో తేల్చుకోండి

టెర్రియర్ అంటే ఒక్క కుక్క కాదు. 3.2 కిలోలు దాటితే షో ప్రమాణాలకి బరువెక్కువైందనే యార్క్‌షైర్ టెర్రియరూ టెర్రియరే, భుజం దగ్గర దాదాపు రెండడుగుల ఎత్తుండే ఎయిర్‌డేలూ టెర్రియరే. మధ్యలో జాక్ రస్సెల్, ఫాక్స్ టెర్రియర్, వెస్టీ (వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్), కెయిర్న్, బోర్డర్, స్కాటిష్, బుల్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్, ఇంకా బోలెడు. టిబెటన్ టెర్రియర్‌కి మాత్రం పేరులోనే టెర్రియర్, అసలు ఆ కుటుంబానికి సంబంధం లేదు.

సైజు, రంగు చూసి మురిసిపోయే ముందు ఈ కుక్కల్ని ఎందుకు తయారు చేశారో ఒకసారి ఆలోచించండి. నక్కలు, బ్యాడ్జర్లు దాక్కున్న బొరియల్లోకి దూరడానికి, ఎలుకల్ని చంపడానికి. నేల లోపల యజమాని మాట వినపడదు, ఏం చేయాలో కుక్కే నిర్ణయించుకోవాలి, పైనున్నవాళ్లు ఎక్కడ తవ్వాలో తెలియడానికి అది ఆపకుండా మొరగాలి. ఇప్పుడు మీ పెరట్లో తవ్వేది, కిటికీలోంచి ఉడుతని చూసి గొంతు చించుకునేది, పిలిస్తే వినపడనట్టు నటించేది అదే గుణం. ఇవి చెడు అలవాట్లు కావు, తరతరాలుగా వాటిలో పెంచి పోషించిన పనితనం. శిక్షణతో అదుపులోకి వస్తాయి, మాయమైపోవు. ఇంట్లో కుందేలు, చిట్టెలుక, పక్షులు ఉంటే మరీ ఆలోచించండి. ఇప్పటికే ఒక కుక్క ఉంటే అదే లింగం కుక్కతో కొన్ని టెర్రియర్ జాతులు అస్సలు సర్దుకోవు, ఈ విషయం బ్రీడర్ని సూటిగా అడగాలి.

వెంట్రుకల సంగతి. 'టెర్రియర్లకి జుట్టు రాలదు' అనే మాట సగమే నిజం. పొట్టి జుట్టు జాక్ రస్సెల్ ఉన్న ఇంట్లో సోఫా చూస్తే మీకే అర్థమవుతుంది. గరుకు జుట్టు జాతులకి రాలడం తక్కువే కానీ ముదిరిన వెంట్రుకల్ని చేత్తో పీకుతూ ఉండాలి, దాన్ని హ్యాండ్ స్ట్రిప్పింగ్ అంటారు. మెషిన్ పెట్టి కత్తిరిస్తే పని తొందరగా అవుతుంది గానీ జుట్టు మెత్తబడి, రంగు వెలిసినట్టు అవుతుంది. ఇంట్లో ఎవరికైనా ఎలర్జీ ఉంటే ఎలర్జీ రాని కుక్క అంటూ ఏదీ లేదని గుర్తుపెట్టుకుని, అదే జాతి పెద్ద కుక్కలున్న ఇంట్లో రెండు మూడుసార్లు కొన్ని గంటలు గడిపి చూడండి.

చట్టం సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. బుల్ రకం టెర్రియర్ల మీద కొన్ని చోట్ల ఆంక్షలున్నాయి, బ్రిటన్‌లో పిట్‌బుల్ టెర్రియర్‌ని 1991 చట్టంతోనే నిషేధించారు. మీరుండే చోట రూలేమిటో, అద్దె ఇల్లయితే ఓనర్ ఏమంటారో పిల్ల వచ్చాక కాదు, ముందే తెలియాలి.

2. ఆ జాతికి వచ్చే జబ్బుల జాబితా చేతిలో పెట్టుకోండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

ప్రతి జాతికీ దాని సొంత బలహీనతలు ఉంటాయి. జాక్ రస్సెల్, పార్సన్ రస్సెల్, మినియేచర్ బుల్ టెర్రియర్ లాంటి వాటిలో కంటిలోని లెన్స్ దాని చోటు నుంచి జారిపోయే జబ్బు ఉంది, ప్రైమరీ లెన్స్ లక్సేషన్ అంటారు. విపరీతమైన నొప్పి, సమయానికి చూడకపోతే చూపు పోతుంది. బుల్ టెర్రియర్లలో, ముఖ్యంగా తెల్లవాటిలో, పుట్టు చెవుడు ఉంటుంది, కిడ్నీ జబ్బులూ ఉన్నాయి. వెస్టీలకి చర్మ ఎలర్జీ, పెద్దయ్యాక ఊపిరితిత్తుల సమస్య. స్కాటిష్ టెర్రియర్లలో రక్తం సరిగ్గా గడ్డకట్టని వాన్ విల్లిబ్రాండ్ జబ్బు, మూత్రాశయ క్యాన్సర్. బెడ్లింగ్టన్లలో కాలేయంలో రాగి పేరుకుపోవడం. యార్కీలు (యార్క్‌షైర్ టెర్రియర్లు), కెయిర్న్‌లలో కాలేయాన్ని తప్పించుకుని రక్తం దారి మళ్లే షంట్ సమస్య. యార్కీలకి మోకాలిచిప్ప జారడం కూడా మామూలే. సాఫ్ట్ కోటెడ్ వీటెన్‌లలో పేగుల ద్వారా, కిడ్నీల ద్వారా ప్రొటీన్ పోయే జబ్బులు. ఇవన్నీ ప్రతి కుక్కకీ వస్తాయని కాదు, టెన్షన్ పడకండి. మీ జాతికి ఏవి వర్తిస్తాయో వాటిని మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. జాతి క్లబ్బుల సైట్లలో ఏ పరీక్షలు చేయించాలో ఉంటుంది.

'తల్లిదండ్రులు రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి కదా, పరీక్షలెందుకు' అని ఎవరైనా అంటే జవాబు ఆ లెన్స్ జబ్బులోనే ఉంది. అది బయటపడేది సాధారణంగా మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. తల్లి రెండేళ్లకే ఈనుతుంది. అంటే తల్లి కళ్లు మెరుస్తూ ఉండగానే ఒకటో రెండో ఈతల పిల్లలు అమ్ముడైపోయి ఉంటాయి. కుక్కని చూస్తే తెలియదు, డీఎన్ఏ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

డీఎన్ఏ రిపోర్టులో మూడు మాటలు కనిపిస్తాయి: క్లియర్, క్యారియర్, ఎఫెక్టెడ్. ఉదాహరణకి స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్లలో ఎల్-2-హెచ్‌జీఏ అనే నరాల జబ్బు ఉంది, నడక తూలడం, వణుకు, ఫిట్స్ వస్తాయి. లోపం ఉన్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే జబ్బు, అదే ఎఫెక్టెడ్. ఒక్కటే ఉన్న కుక్క క్యారియర్, అది హాయిగా బతుకుతుంది. ఒక్కటీ లేనిది క్లియర్. రెండు క్యారియర్లని క్రాస్ చేయిస్తే పుట్టే ప్రతి పిల్లకీ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. క్యారియర్‌ని క్లియర్ కుక్కతో క్రాస్ చేయిస్తే ఒక్క పిల్లకి కూడా ఆ జబ్బు రాదు, సగటున సగం పిల్లలు క్యారియర్లు అవుతాయంతే. కాబట్టి క్యారియర్ అనే మాట కనపడగానే పారిపోకండి. తల్లి క్యారియర్ అని తనంతట తానే చెప్పి, అందుకే క్లియర్ మగదాన్ని వెతికి క్రాస్ చేయించానని వివరించే బ్రీడర్ దొరికితే, 'మా కుక్కలకి ఏ జబ్బూ లేదండీ' అని నవ్వేసే పదిమందికన్నా నయం.

అన్నీ డీఎన్ఏతో తేలవు. చెవుడుకి బేర్ అనే పరీక్ష ఉంది, పిల్లకి అయిదారు వారాలు వచ్చాక ఒక్కో చెవినీ విడివిడిగా చూస్తారు. వెనక నుంచి చప్పట్లు కొట్టి చూశాం అంటే సరిపోదు, ఒక్క చెవి మాత్రమే వినపడని పిల్ల కూడా చప్పట్లకి తల తిప్పుతుంది. మోకాలిచిప్పలని డాక్టర్ చేత్తో పరీక్షించాలి, కళ్లని కంటి స్పెషలిస్టు చూడాలి, షంట్ అనుమానానికి బైల్ యాసిడ్ రక్తపరీక్ష, కిడ్నీలకి మూత్రంలో ప్రొటీన్ పరీక్ష. 'వెట్ చూసి బాగుందన్నారు' అనేది వీటిలో దేనికీ బదులు కాదు. అది జ్వరం, గుండె చప్పుడు, బొడ్డు హెర్నియా లాంటివి చూసే మామూలు చెకప్.

3. బ్రీడర్ ఎక్కడ దొరుకుతారు

జాతి కుక్కల్ని నమోదు చేసే దేశంలోని కెన్నెల్ క్లబ్, దాని కిందుండే జాతి క్లబ్బుల దగ్గర మొదలుపెట్టండి. మీకు నచ్చిన జాతి కుక్క ఎవరి దగ్గరైనా బాగా కనిపిస్తే ఆపి అడగండి, ఎక్కడ తెచ్చారు, బ్రీడర్ ఇప్పటికీ ఫోన్ ఎత్తుతారా అని. ఆ రెండో ప్రశ్నకి వచ్చే జవాబే అసలు సమాచారం. వెటర్నరీ డాక్టర్లకి, గ్రూమర్లకి కూడా ఎవరి పిల్లలు ఎలా ఉన్నాయో బాగా తెలుస్తుంది. డాగ్ షోకి వెళ్లగలిగితే వెళ్లండి, కాకపోతే రింగులోకి వెళ్లబోతున్న మనిషిని పట్టుకుని ప్రశ్నలు వేయకండి, వాళ్ల వంతు అయ్యాక కదిలిస్తే గంటసేపు మాట్లాడతారు. టెర్రియర్ వాళ్లకి మాటలు ఎక్కువ, కుక్కల నుంచే వచ్చిందేమో.

రిజిస్ట్రేషన్ కాగితం ఉంటే మంచి బ్రీడర్ అనుకోవద్దు. పెడిగ్రీ సర్టిఫికెట్ చెప్పేది ఆ కుక్క ఎవరికి పుట్టిందో మాత్రమే. ఎలా పెరిగిందో, పరీక్షలు చేశారో లేదో అందులో ఉండదు.

కొన్ని ప్రకటనలు చదవగానే తేడా కొడతాయి. 'టీకప్ యార్కీ', 'మైక్రో', 'అరుదైన రంగు, అందుకే రేటెక్కువ'. టీకప్ అనే రకాన్ని ఏ పెద్ద కెన్నెల్ క్లబ్బూ గుర్తించలేదు. మరీ చిన్న కుక్కల్ని కావాలని పుట్టిస్తే వచ్చేవి రక్తంలో షుగర్ పడిపోవడం, పెళుసు ఎముకలు. ఆరేడు జాతులు, ఎప్పుడు అడిగినా పిల్లలు సిద్ధం, కార్డు కొడితే ఇంటికే పంపిస్తాం అనేవాళ్లది కుక్కల వ్యాపారం. నిదానంగా చేసే బ్రీడర్ దగ్గర ఒకటి లేదా రెండు జాతులే ఉంటాయి, చాలాసార్లు పిల్లలే ఉండవు, పేరు రాసుకుని ఆగమంటారు.

పచ్చి మోసాలు వేరే. విదేశం వెళ్లిపోతున్నాం, ఉచితంగా ఇస్తున్నాం, రవాణా ఖర్చు పంపితే చాలు అంటారు. పంపాక ప్రత్యేకమైన పెట్టెకి ఇంకొంత, ఇన్సూరెన్స్‌కి ఇంకొంత, చివరికి పిల్లా ఉండదు, ఫోనూ ఉండదు. ఫొటోని ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి, ఇంకెవరిదో పాత ఫొటో అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. ఇంకా అనుమానముంటే వీడియో కాల్ చేసి, పిల్ల పక్కన ఒక చెంచా పెట్టి చూపించమనండి. నిజంగా పిల్ల ఎదురుగా ఉన్నవాళ్లకి అది పావు నిమిషం పని. నెట్ బాలేదు, పిల్ల నిద్రపోతోంది, మా అబ్బాయి ఊళ్లో లేడు అని మొదలుపెడితే ఫోన్ పెట్టేయండి.

4. మొదటిసారి మాట్లాడేటప్పుడు

'రేటెంత?' అని మొదలుపెట్టకండి. డబ్బు అడగడం తప్పని కాదు, కానీ రోజుకి పదిమంది అదే ఒక్క ముక్క పంపుతారు, మంచి బ్రీడర్లు వాటికి జవాబే ఇవ్వరు. మీ గురించి నాలుగు వాక్యాలు రాయండి: ఇంట్లో ఎవరెవరున్నారు, పిల్లల వయసు, పగలు కుక్క దగ్గర ఎవరుంటారు, ఇంతకుముందు కుక్కని పెంచారా, ఈ జాతే ఎందుకు అనుకున్నారు. ఆ తర్వాత వచ్చే ఏడాదిలో ఈత ఏదైనా అనుకుంటున్నారా అని అడగండి.

మాట కలిశాక అసలు ప్రశ్నలు వేయండి. తల్లి వయసెంత, ఇది ఎన్నో ఈత, పోయిన ఈత ఎప్పుడు? ఒక కొలబద్ద కావాలంటే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ రూలు చూడండి, ఏడాది నిండకుండా క్రాస్ చేయించిన ఆడదాని పిల్లల్ని గానీ, ఎనిమిదేళ్లు దాటిన తల్లి పిల్లల్ని గానీ, ఒకే తల్లికి నాలుగు దాటిన ఈతల్ని గానీ వాళ్లు మామూలుగా రిజిస్టర్ చేయరు. ఏ దేశంలోనైనా ప్రతి ఎదకీ క్రాసింగ్ చేయిస్తున్నారంటే ఆ తల్లిని పిండుకుంటున్నట్టే.

ఈ మగదాన్నే ఎందుకు ఎంచుకున్నారు అని అడగండి. 'అది మా ఇంట్లోనే ఉంది కాబట్టి' అనేది జవాబు కాదు. పరీక్షల ఫలితాలు, స్వభావం, తల్లిలో ఉన్న లోపాన్ని ఇది సరిచేస్తుందని, ఇలా ఏదో ఒక ఆలోచన ఉండాలి. రెండూ ఎంత దగ్గర చుట్టాలో కూడా అడగాలి. దీనికి ఇన్‌బ్రీడింగ్ శాతం అని ఒక లెక్క ఉంది: అన్నాచెల్లెళ్లని కలిపితే 25, అత్త కొడుకు, మేనమామ కూతురు వరసవాటికి 6.25, దీనికి వెనకటి తరాల చుట్టరికం అదనం. సున్నా ఏ జాతికుక్కకీ ఉండదు, కానీ ఆ జాతి సగటుకన్నా బాగా ఎక్కువుంటే ఎందుకో చెప్పాలి.

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇంకోటుంది: 'మీ కుక్కలో మీకు నచ్చనిది ఏమిటి?' అడిగి ఊరుకోండి. నిజంగా కుక్కల్ని గమనించే మనిషయితే వెంటనే చెప్తారు, చెవులు కాస్త పెద్దవండీ, కొత్త మగ కుక్కల్ని చూస్తే రెచ్చిపోతుంది, వాళ్లమ్మకి చర్మం కాస్త ఇబ్బంది పెట్టింది అని. ఏమీ లేదు, బంగారం అన్నారంటే అమ్మేవాళ్లతో మాట్లాడుతున్నట్టు లెక్క.

వాళ్లు కూడా మిమ్మల్ని అడుగుతారు. గోడ ఎంత ఎత్తు, గేటు కింద సందుందా, ఆఫీసు ఎన్నింటికి, ముందు కుక్క ఏమైంది. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు అనిపిస్తుంది, చిరాకు పడకండి. ఏమీ అడక్కుండా అకౌంట్ నంబర్ పంపేవాళ్లని చూసి భయపడాలి.

5. వెళ్లి చూడండి, తల్లితో సహా

పిల్లలకి నాలుగైదు వారాలు దాటాక రమ్మంటారు. అంతకుముందు టీకాల్లేని పిల్లల దగ్గరికి బయటివాళ్లని రానివ్వకపోతే అది జాగ్రత్తే, దాపరికం కాదు. చెప్పులు బయట విడవమన్నా, చేతులు కడగమన్నా మంచిదే. మీరూ అదే రోజు రెండు మూడు కెన్నెళ్లు తిరగకండి, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మీ బట్టలు, చెప్పుల మీద ఎక్కి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుంది.

దారిలో ఎక్కడో కలుద్దాం, పార్కింగ్‌లో ఇస్తాం అంటే వెళ్లొద్దు. పిల్ల పుట్టి పెరిగిన చోటే చూడాలి, తల్లి అక్కడే ఉండాలి. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ఆరు నెలల్లోపు పిల్లల్ని మధ్యవర్తి దుకాణాలు అమ్మకూడదని చట్టమే తెచ్చారు, కారణం ఇదే.

లోపలికి వెళ్లగానే ముందు వాసన చూడండి. పిల్లలున్న చోట కాస్త వాసన సహజం, కళ్లు మండేంత ఉచ్చ కంపు మాత్రం కాదు. పిల్లల పెట్టె ఇంట్లో మనుషులు తిరిగే చోట ఉందా, లేక ఎవరూ వెళ్లని షెడ్డులో ఉందా? మూడు వారాల నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల బుర్ర లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. మిక్సీ శబ్దం, గిన్నె కిందపడటం, పిల్లల అరుపులు, గొడుగు తెరవడం, వీటిలో సగం మీ ఇంటికి వచ్చేలోపే అయిపోతుంది, అంటే బ్రీడర్ చేతుల్లోనే.

ఇప్పుడు తల్లి. ఈనిన తల్లి అందంగా ఉండదు, అది గుర్తుపెట్టుకోండి. చన్నులు సాగి వేలాడుతుంటాయి, జుట్టు పలచబడుతుంది, పక్కటెముకలు కాస్త తేలుతాయి. నిగనిగలాడే కోటుతో, పొట్ట బిగుతుగా ఉన్న ఆడ కుక్కని తెచ్చి ఇదే తల్లి అంటే నమ్మకండి, కొందరు అమ్మేవాళ్లు అలా వేరే కుక్కని చూపిస్తారు. తేల్చుకోవడం తేలికే, తల్లిని పిల్లల్లోకి వదలమనండి. అసలు తల్లి అయితే పిల్లలన్నీ ఒక్కసారిగా దాని పొట్ట కిందికి దూరతాయి. అయిదు వారాల పిల్లల పళ్లు సూదుల్లా ఉంటాయి, అది కాసేపు ఓర్చుకుని, మూతితో పక్కకి నెట్టి, చిన్నగా గుర్రుమని లేచిపోవచ్చు. అది కూడా తల్లి చేసే పనే. పరాయి కుక్క అయితే బిగుసుకుపోతుంది, తప్పించుకోవడానికి చూస్తుంది.

మీ పట్ల తల్లి ఎలా ఉందో చూడండి. మొదట రెండుసార్లు మొరిగి తర్వాత వచ్చి చెయ్యి వాసన చూస్తే బాగున్నట్టే, టెర్రియర్ మొరగకపోతేనే వింత. మూలకి నక్కి వణికినా, బ్రీడర్ చెప్పినా వినకుండా మీదికి దూకినా, పిల్లల మీద ఆశ వదులుకోండి. భయం కొంత రక్తంలో వస్తుంది, కొంత తల్లిని చూసి వస్తుంది, రెండు దారులూ ఆ పిల్లల్లోకే. తండ్రి చాలాసార్లు వేరే ఊళ్లో ఉంటుంది, అది తప్పు కాదు. ఫొటోలు, రిపోర్టులు, దాని ఓనర్ ఫోన్ నంబర్ అడగండి చాలు.

పిల్లల దగ్గర కింద కూర్చోండి. తాళాల గుత్తి కాస్త దూరంలో పడేయండి. ఉలిక్కిపడటం మామూలు, పడ్డాక ఎంతసేపటికి తేరుకుని అదేమిటో చూడటానికి వస్తాయన్నది ముఖ్యం. కళ్లలో పుసి, ముక్కు కారడం, తోక కింద తడి మరకలు, పలచగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి కనిపించడం, చెవుల వెనక గోమార్లు, వీటిలో ఏదున్నా మిగతావి బాగున్నాయి కదా అని సర్దుకోకండి. జాలేసి తెచ్చుకుంటే ఆ జాగాలోకి ఇంకో పిల్ల వస్తుంది, ఆ తల్లికి ఇంకో ఈత.

6. కాగితాలు: ఒక్కొక్కటీ చదవండి

మొహమాటం ఇక్కడే కొంప ముంచుతుంది. టీ తాగుతూ, పిల్ల ఒళ్లో ఉండగా కాగితాలు తిప్పి చూస్తే ఏమనుకుంటారో అని ఊరుకుంటాం. మంచి బ్రీడర్ ఏమీ అనుకోరు, వాళ్లే ఫైలు తెచ్చి ముందు పెడతారు.

డీఎన్ఏ రిపోర్టు మీద కుక్క రిజిస్టర్డ్ పేరు, మైక్రోచిప్ నంబర్ ఉంటాయి. ఆ చిప్ నంబర్ సాధారణంగా 15 అంకెలు. స్కానర్ ఉంటే తల్లి మెడ వెనక, భుజాల మధ్య పెట్టి చూపించమని, తెర మీద వచ్చిన అంకెల్ని కాగితం మీది అంకెలతో చివరిదాకా సరిపోల్చండి. మొదటి మూడు అంకెలు చూసి సరే అనుకోవద్దు, అవి దేశానికో తయారీ కంపెనీకో సంబంధించినవి, చాలా కుక్కలకి ఒకటే ఉంటాయి. అమెరికాలో కుక్కల ఆరోగ్య పరీక్షల ఫలితాలు నమోదు చేసే ఓఎఫ్ఏ సంస్థ, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ తమ దగ్గర నమోదైన ఫలితాల్ని ఆన్‌లైన్‌లో వెతుక్కునే వీలిస్తాయి, అక్కడి రిపోర్టులైతే ఇంటికెళ్లాక పేరుతో వెతికి చూసుకోండి.

టీకా కార్డులో వ్యాక్సిన్ సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబర్, తేదీ, డాక్టర్ సంతకం చూడండి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు, తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. మూడు వారాల పిల్లకే టీకా పడినట్టు కార్డులో ఉంటే తేదీ అబద్ధమో, వయసు అబద్ధమో. నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచే మొదలవ్వాలి, ఏ మందు, ఏ తేదీల్లో వేశారో రాసివ్వమనండి.

ఒప్పందం రాతలో ఉండాలి. అందులో నేను ముందు వెతికే వాక్యం ఒకటే: ఏ వయసులోనైనా, ఏ కారణం చేతనైనా మీరు కుక్కని ఉంచుకోలేకపోతే బ్రీడరే వెనక్కి తీసుకుంటారని. తన చేతుల్లో పుట్టిన కుక్క వీధిన పడకూడదనుకునే మనిషే అది రాస్తారు. దాని తర్వాత, పుట్టుకతో వచ్చిన జబ్బు బయటపడితే ఏం చేస్తారు, డాక్టర్ చెకప్‌కి ఎన్ని రోజుల గడువు, అడ్వాన్స్ ఏ పరిస్థితిలో వెనక్కిస్తారు అనేవి. ఆ కుక్కని ఈనించకూడదని షరతు పెడితే నొచ్చుకోకండి, చాలామంది బాధ్యత ఉన్నవాళ్లు పెడతారు. పిల్లలు పుట్టకముందే మొత్తం డబ్బు అడిగితే మాత్రం ఇవ్వొద్దు, ఎంత ఇచ్చినా రసీదు తీసుకోండి.

7. పిల్ల ఎంపిక

ఇప్పటిదాకా సరిగ్గా వచ్చుంటే ఇది చిన్న పని. బ్రీడర్ని ఎంచమనండి. మీరు చూసేది ఒక గంట, వాళ్లు చూసింది ఎనిమిది వారాలు. మీరు వెళ్లినప్పుడు నెమ్మదిగా ఒళ్లో పడుకున్న పిల్ల, నిజానికి మీరు రావడానికి ముందు గంటసేపు తోబుట్టువుల చెవులు పట్టుకుని ఈడ్చి అలిసిపోయిన రౌడీ అయి ఉండొచ్చు. ఏడు వారాలకి చేసే స్వభావ పరీక్షలు పెద్దయ్యాక ఎలా ఉంటుందో గట్టిగా చెప్పలేవు, వాటిని మరీ నమ్ముకోవద్దు. మీ ఇల్లు ఎలాంటిదో దాచకుండా చెప్పండి, సరిపోయేదాన్ని వాళ్లు చూపిస్తారు.

రెండు పిల్లల్ని కలిపి తీసుకుంటే ఒకదానికొకటి తోడుంటాయి అనే ఆలోచన టెర్రియర్ల విషయంలో వదిలేయండి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని మిమ్మల్ని లెక్కచేయవు, యుక్తవయసు వచ్చాక, ముఖ్యంగా రెండూ ఒకే లింగమైతే, నిజమైన కొట్లాటలు మొదలవుతాయి. అడగకుండానే రెండోది తగ్గించి ఇస్తానంటే ఆ బ్రీడర్ గురించి మళ్లీ ఆలోచించాల్సిందే.

ఇంకో మాట, పిల్లే కావాలని పట్టుపట్టకపోతే, షోల నుంచి రిటైర్ అయిన మూడు నాలుగేళ్ల కుక్కలు బ్రీడర్ల దగ్గర ఒక్కోసారి ఉంటాయి. స్వభావం తెలిసిపోయి ఉంటుంది, ఉచ్చకి బయటికి వెళ్లే అలవాటు అయిపోయి ఉంటుంది. అడిగితేనే చెప్తారు.

8. ఇంటికి తెచ్చే రోజు

ఎనిమిది వారాలు నిండకుండా తీసుకోవద్దు. తోటి పిల్లల్ని కరిచి, అవి కీచుమంటే వదిలేసి, మళ్లీ తల్లి చేతిలో చీవాట్లు తిని, నోటిని ఎంత గట్టిగా వాడాలో నేర్చుకునేది ఆ చివరి వారాల్లోనే. గట్టిగా పట్టే దవడ ఉన్న టెర్రియర్‌కి ఆ చదువు తప్పించకూడదు. యార్కీల లాంటి బుల్లి జాతుల్ని కొందరు బ్రీడర్లు పది, పన్నెండు వారాలదాకా ఇవ్వరు, తొందరపెట్టకండి.

ఇప్పటిదాకా తింటున్న తిండి వారానికి సరిపడా అడిగి తెచ్చుకోండి, మార్చాలనుకుంటే తర్వాత నెమ్మదిగా మార్చొచ్చు. తల్లి, తోబుట్టువుల వాసన పట్టిన గుడ్డ ముక్క ఒకటి అడగండి, మొదటి రెండు మూడు రాత్రులు మీకూ దానికీ కాస్త నిద్ర దక్కుతుంది. రెండు మూడు రోజుల్లో మీ సొంత వెట్‌కి చూపించండి, బ్రీడర్ వెట్‌కి కాదు. గుండె చప్పుడు, మోకాళ్లు, పళ్ల వరస, మగదైతే రెండు వృషణాలూ దిగాయా, హెర్నియా ఉందా అన్నీ చూడమని, ఒప్పందంలోని గడువు లోపలే రాతలో తీసుకోండి.

అదే రోజు చిప్ రికార్డులో ఓనర్ పేరు, ఫోన్ నంబర్ మీ పేరుకి మార్పించండి. చాలామంది ఇది వాయిదా వేసి మరిచిపోతారు. గేటు కింద నాలుగు వేళ్ల సందు చాలు ఈ కుక్కకి, పిల్లి వెనకాల రెండు వీధులు దాటాక దొరికినవాళ్లు చిప్ స్కాన్ చేస్తే ఫోన్ బ్రీడర్‌కి కాదు, మీకు రావాలి.